సెన్సర్ కొలుస్తుంది, అడగాల్సింది పిల్లలే

పాయకరావుపేటను తునినుంచి వేరుచేసేది తాండవ నది. వంతెన దాటితే జిల్లా మారిపోతుంది: ఇటు అనకాపల్లి, అటు కాకినాడ. అదే నది ఇంకాస్త దిగువకు సాగి పెంటకోట దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే మొగ, చేపల వేట, తమలపాకు తోటలు, మగ్గాలు, లారీలు ఆగని పదహారో నంబరు జాతీయ రహదారి, అన్నీ ఒక మండలంలోనే ఉన్నాయి. సైన్సు చెప్పడానికి ఇంతకంటే మంచి చోటు కోరుకోనక్కర్లేదు. అయినా ఇలాంటి ఊళ్లలో సైన్సు ఎక్కువగా గైడుల్లోనే నడుస్తోంది. ప్రయోగం అంటే మాస్టారు బల్లమీద చేసి చూపించేది, లేదా రికార్డులో బొమ్మ గీసి సంతకం చేయించుకునేది.

ఇప్పుడు సైన్సు గదిలోకి సెన్సర్లు వస్తున్నాయి. వేడిని, వెలుతురును, దూరాన్ని, గాలి ఒత్తిడిని, తేమను, నీటిలోని లవణాలను అంకెలుగా మార్చి తెరమీద గీత గీసే చిన్న పరికరాలు ఇవి. కొన్ని వంద రూపాయలకే దొరుకుతాయి. ఇవి పిల్లల చేతికి నిజంగా సైన్సు అందిస్తాయా, లేక గైడు స్థానంలో మరో తెర పెడతాయా అన్నది దేశమంతటా నడుస్తున్న చర్చ. నా అభిప్రాయం మొదటే చెబుతాను. సెన్సర్ విలువ దాని ఖచ్చితత్వంలో లేదు. కన్ను పట్టలేనంత వేగంగానో, ఓపిక చాలనంత నెమ్మదిగానో జరిగేదాన్ని పిల్లల ముందు పెట్టగలగడంలో ఉంది. ఆ రెండు సందర్భాలు వదిలేస్తే, తక్కిన చోట్ల స్కేలూ థర్మామీటరూ దారం కట్టిన రాయీ మెరుగైన గురువులని నమ్ముతాను.

ఈ ఆలోచనకు నలభై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. 1980ల తొలినాళ్లలో అమెరికాలోని కేంబ్రిడ్జిలో టెర్క్ అనే సంస్థలో రాబర్ట్ టింకర్, ఆయన సహచరులు కంప్యూటరుకు ఉష్ణోగ్రత, దూరం కొలిచే పరికరాలు తగిలించి బడి ప్రయోగశాలకు తెచ్చారు. 1981లో ఆరెగన్ రాష్ట్రంలో వెర్నియర్ దంపతులు మొదలుపెట్టిన కంపెనీ ఇలాంటి పరికరాలు ఇప్పటికీ అమ్ముతోంది. ఆ రోజుల్లో జరిగిన ఒక పరిశీలన ఈ చర్చలో అందరికంటే ఎక్కువ చెప్పిందని అనుకుంటాను. 1987లో హెదర్ బ్రాసెల్ హైస్కూల్ పిల్లలకు దూరం, వేగం గ్రాఫులు నేర్పే పద్ధతులను పోల్చి చూసింది. ఒక బృందం కదులుతుంటే గ్రాఫు అప్పటికప్పుడే తెరమీద గీతగా పడింది. మరో బృందానికి అదే గ్రాఫు 20, 30 సెకన్లు ఆలస్యంగా కనిపించింది. పరికరం ఒకటే, అంకెలూ ఒకటే. కానీ ఆ కొద్దిపాటి ఆలస్యానికే లాభంలో చాలావరకు పోయింది.

దూరం–కాలం గ్రాఫు మన పిల్లలకు కూడా కష్టమే. గీత పైకి లేస్తే మనిషి కొండ ఎక్కుతున్నాడనుకుంటారు, కిందికి దిగితే పల్లంలోకి పోతున్నాడనుకుంటారు. అది బొమ్మ కాదని ఎంత చెప్పినా తలకెక్కదు. అదే పిల్లవాడు దూరం కొలిచే సెన్సర్ ముందు నిలబడి వెనక్కి నడిచి, ఆగి, మళ్లీ ముందుకు వచ్చి, తన నడకే గీతగా మారుతుంటే చూస్తే విషయం వేరు. ఆగినప్పుడు గీత అడ్డంగా సాగుతుంది. తొందరగా నడిస్తే నిటారుగా లేస్తుంది. ఒళ్లే పాఠం చెబుతుంది. ఆ సంబంధం తెగకుండా ఉండాలంటే గీత ఆ క్షణంలోనే పడాలి. డేటాను పోగేసి రేపు కంప్యూటర్ గదిలో గ్రాఫు గీద్దాం అనే పద్ధతి, ఈ పాఠం వరకూ, అసలు లాభాన్ని వదులుకున్నట్టే.

మనదేశంలో ఈ దారి రెండు పాయలుగా నడిచింది. ఒకటి పరికరాన్ని ఇక్కడే, చవకగా, విప్పి చూసుకునేలా తయారుచేసుకోవడం. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో బి.పి. అజిత్ కుమార్ నడిపిన ఫీనిక్స్ ప్రాజెక్టు, దాని నుంచి వచ్చిన ఎక్స్‌పైస్ పెట్టె ఈ దారివి. అరచేతిలో పట్టే ఈ పెట్టె విద్యుత్ సంకేతాలను గీతగా చూపే ఆసిల్లోస్కోపుగా పనిచేస్తుంది, మైక్రోసెకన్లలో కాలాన్ని కొలుస్తుంది. దాని నిర్మాణం, సాఫ్ట్‌వేరు ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. రెండోది ప్రభుత్వం ఒకేసారి పెద్ద సంఖ్యలో ల్యాబులు పెట్టడం. నీతి ఆయోగ్ కింద 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు ఇందుకు పెద్ద ఉదాహరణ. ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఉన్న బడులకు ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయల వరకు సాయం. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు తగిలించి ప్రోగ్రాము రాసుకునే ఆర్డినో బోర్డులు, రకరకాల సెన్సర్లు అందులో భాగం. పదివేల బడులకు చేరిన ఆ పథకాన్ని ఇంకా విస్తరించాలని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు.

వీటికంటే ముందు, ఒక్క విద్యుత్ పరికరం కూడా లేకుండా సైన్సు చేతులతో చేయించిన వారసత్వం మనకుంది. మధ్యప్రదేశ్‌లో 1972 నుంచి 2002 వరకు నడిచిన హోషంగాబాద్ సైన్సు బోధనా కార్యక్రమం మామూలు బడి పిల్లల్ని పొలాలకూ చెరువులకూ తీసుకెళ్లింది. చేసి చూసి రాసుకున్నదే పాఠంగా మార్చింది. మన రాష్ట్రంలో చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 1999 నుంచి సంచార ప్రయోగశాలలతో పల్లె బడులకు తిరుగుతోంది. జన విజ్ఞాన వేదిక, దాని చెకుముకి పత్రిక తెలుగు పిల్లల్లో ప్రశ్నించే అలవాటు పెంచాయి. 1993లో మొదలైన బాలల సైన్సు కాంగ్రెస్ ఊరి సమస్యనే తీసుకుని పిల్లలతో లెక్కలు సేకరింపజేస్తుంది. సెన్సర్ల గురించి ఉత్సాహంగా మాట్లాడేవారు ఈ పనిని మరిచిపోతుంటారు. ప్రశ్న అడగడం, ముందుగా ఊహించడం, కొలిచి చూసుకోవడం అన్న మూడూ అక్కడే నేర్పారు. ఆ మూడూ లేని గదిలోకి సెన్సర్ తెచ్చి పెడితే కొత్త అంకెలు వస్తాయి, అంతే.

మన తీరానికి డేటా సేకరణ కొత్తదేమీ కాదని కూడా చెప్పాలి. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల కట్టించారు. మద్రాసు వేధశాలకు చెందిన టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న జమీందారు ఆయన. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించారు. 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని పరిశీలించారు. వాతావరణ నమోదులు కూడా అక్కడ జరిగేవి. వేధశాల కట్టిన శతాబ్దానికి పైగా తర్వాత, 1952లో, యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. విద్యార్థుల్ని నౌకాదళం ఓడలెక్కించి విశాఖ తీరం పొడవునా సముద్రాన్ని కొలిపించారు. వాళ్లు వాడిన బాతీథర్మోగ్రాఫ్ నేటి సెన్సర్‌కు తాతలాంటిది. నీళ్లలోకి దించితే లోతు పెరిగేకొద్దీ ఉష్ణోగ్రత ఎలా మారుతోందో పూత పూసిన చిన్న గాజు పలకమీద తనే గీత గీసేది. వేసవికి ముందు అడుగునుంచి చల్లటి నీరు తీరం వెంట పైకి పొంగే తీరు ఆ కొలతల్లోనే బయటపడింది. పెంటకోట జాలరికి ఆ నీటితో రోజూ పని. పెంటకోట బడిలో చదివే పిల్లకు ఆ చరిత్ర ఒక్క వాక్యంలోనైనా చేరితే బాగుంటుంది.

పాయకరావుపేట బడిలో సెన్సర్ ఎక్కడ నిజంగా అక్కరకొస్తుంది? నాకు అన్నిటికంటే ఇష్టమైనది గాలి ఒత్తిడి. పాఠంలో భారమితి గురించి చదువుతారు, 76 సెంటీమీటర్ల పాదరసం అని బట్టీపడతారు. పాదరసం విషం కాబట్టి ఇప్పుడు దాన్ని పిల్లల ముందు పెట్టడం సబబు కాదు. గోరంత ఒత్తిడి సెన్సర్‌ను ఒక బోర్డుకు తగిలించి కిటికీ దగ్గర వారం రోజులు వదిలేస్తే, ఆ పాఠంలో లేని ఒక లయ బయటపడుతుంది. మన అక్షాంశాల్లో ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం పదింటికీ రాత్రి పదింటికీ దగ్గరగా శిఖరం, తెల్లవారుజామున నాలుగింటికీ సాయంత్రం నాలుగింటికీ దగ్గరగా లోయ. ఎక్కువ తక్కువల మధ్య తేడా సుమారు 3 హెక్టోపాస్కల్స్. సూర్యుడి వేడికి వాతావరణం మొత్తం ఊగే ఊగు అది. చల్లటి దేశాల్లో ఇది అంత స్పష్టంగా కనపడదు, అక్కడి వాతావరణ మార్పుల్లో మునిగిపోతుంది. మనకు మాత్రం రోజూ దొరుకుతుంది. దీన్ని మనిషి కూర్చుని గంటగంటకూ రాసుకోవడం కష్టం. సెన్సర్ అలసిపోకుండా చేస్తుంది.

మేడమీదికి ఒక అంతస్తు ఎక్కితే అదే సెన్సర్ మూడోవంతు హెక్టోపాస్కల్ తగ్గినట్టు చూపుతుంది. ఎత్తుకూ ఒత్తిడికీ సంబంధం అప్పుడు మెట్లమీదే తెలుస్తుంది. ఇక అక్టోబరు, నవంబరు నెలల్లో అల్పపీడనం వచ్చినప్పుడు చూడాలి. ఆ రోజువారీ లయ తడబడుతుంది, గీత దిగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు దాని కేంద్రంలో ఒత్తిడి సుమారు 950 హెక్టోపాస్కల్స్ దాకా పడిపోయింది. రోజూ 3 మాత్రమే మారే గీత 50కి పైగా జారిపోవడమంటే ఏమిటో, ముందు నెలల రికార్డు చేతిలో ఉన్న పిల్లలకు వివరించనక్కర్లేదు. తుపాను వార్త విన్న తర్వాత సెన్సర్ కొంటే ఈ పోలిక దొరకదు. ముందునుంచీ నమోదు ఉండాలి.

రెండోది తాండవ మొగ. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నదినీటిలో గ్రాములో చిన్న భాగం. పోటు ఎక్కినప్పుడు ఉప్పు నదిలోకి తోసుకొస్తుంది, పాటున వెనక్కి పోతుంది. మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అరగంటకొకసారి నీళ్లు తీసి విద్యుత్ వాహకత కొలిస్తే ఆ రాకపోకలు గ్రాఫులో కనిపిస్తాయి. వాహకతనుంచే లవణాలను లెక్కగట్టే చవక టీడీఎస్ మీటర్లు పదివేల పీపీఎం (లీటరుకు సుమారు పది గ్రాములు) దగ్గర ఆగిపోతాయి కాబట్టి ఉప్పునీటిని బ్యాటరీ నీళ్లతో పదింతలు పలుచన చేసి కొలవాలి. ఇక్కడ పిపెట్టూ కొలజాడీ చేతుల్లోకి వస్తాయి. నిష్పత్తి లెక్క అవసరమవుతుంది. సెన్సర్ ఉన్నా చేతిపని పోకుండా ఉండే ప్రయోగమంటే ఇదే.

ఇదే మీటరు పిల్లల్ని తప్పుదారి పట్టించగలదు కూడా. టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది, అంతకుమించి ఏమీ చెప్పలేదు. పురుగుమందుల జాడలు, పరిశ్రమలనుంచి వచ్చే రసాయనాలు, సూక్ష్మజీవులు దానికి కనపడవు. మన ప్రమాణాల ప్రకారం తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా అనుమతిస్తారు. తెరమీద 300 కనపడగానే ‘నీళ్లు మంచివే’ అని రాసే ప్రాజెక్టులు చాలా ఉంటాయి. పక్క మండలం నక్కపల్లిలో మందుల పరిశ్రమల వ్యర్థజలాలమీద మత్స్యకారులు ఆందోళనలు చేశారు. బల్క్ డ్రగ్ పార్కు కూడా అక్కడే వస్తోంది. అలాంటి చోట ఒక బడి పిల్లలు రెండొందల రూపాయల మీటరుతో సముద్రం శుభ్రంగా ఉందనిగానీ, చెడిపోయిందనిగానీ తేల్చేస్తే అది జనాన్ని మోసం చేసినట్టే అవుతుంది, వాళ్లకు తెలియకపోయినా. ఏం కొలవలేకపోయామో రాయడం ప్రాజెక్టు నివేదికలో తప్పనిసరి పేజీ కావాలి.

అందుకే సెన్సర్‌ను నమ్మే ముందు పరీక్షించడమే అసలు పాఠమని నా పట్టు. నీటిలో ముంచే ఉష్ణోగ్రత సెన్సర్‌ను దంచిన మంచుగడ్డలున్న నీళ్లలో పెడితే సున్నా చూపాలి, మరిగే నీళ్లలో వందకు దగ్గరగా ఉండాలి. పేట సముద్రమట్టానికి దగ్గరలోనే ఉంది కాబట్టి ఎత్తు లెక్క ఇబ్బంది పెట్టదు. తేమ కొలిచే చవక సెన్సర్లు రెండు పక్కపక్కన పెడితే తరచు రెండు రకాలుగా చెబుతాయి. వాటి తయారీలోనే ఐదు శాతం అటూఇటూ తేడాకు అవకాశముంది. ఏది నిజం అని పిల్లలు అడిగినప్పుడు మాస్టారు తేల్చేయకుండా, తడిబట్ట చుట్టిన థర్మామీటరుతో తేమ లెక్కించే పాత పద్ధతి చేయిస్తే ఆ రోజు క్లాసు గట్టెక్కినట్టే.

ధ్వనితో దూరం కొలిచే సెన్సర్ విషయం ఇంకా బాగుంటుంది. అది పంపిన శబ్దం తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలిచి, ధ్వనివేగంతో గుణించి, ఆ దారిలో సగాన్ని దూరంగా చెబుతుంది. ప్రోగ్రాములో చాలామంది సెకనుకు 343 మీటర్లని రాసేస్తారు. అది 20 డిగ్రీల గాలికి. మే నెలలో 40 డిగ్రీలున్న వరండాలో ధ్వనివేగం 355 దాటుతుంది. అప్పుడు రెండు మీటర్ల దూరాన్ని ఆ సెన్సర్ 7 సెంటీమీటర్లు తక్కువగా చూపుతుంది. టేపుతో కొలిచి, తేడా చూసి, కారణం వెతుక్కుని, ప్రోగ్రాములో ఉష్ణోగ్రతను చేర్చి సరిచేసే పిల్ల భౌతికశాస్త్రాన్ని నిజంగా చేసినట్టే. అదే సెన్సర్ మూతపెట్టిన పెట్టెలో వచ్చి, మీట నొక్కగానే అంకె చూపితే, ఈ అవకాశమంతా పోతుంది. ఖరీదైన పెట్టెలకంటే తీగలు బయటకు కనపడే బోర్డుల్ని నేను ఇష్టపడటానికి కారణం అదే. అవి ఊడిపోతాయి, తప్పుతాయి, విసిగిస్తాయి. కానీ లోపల ఏం జరుగుతోందో దాచవు.

ఊళ్లో ఇంకా ప్రశ్నలున్నాయి. ఆకుతోటలో అవిశ చెట్ల నీడలో తమలపాకు తీగలు బతుకుతాయి. తోట లోపలా బయటా ఉష్ణోగ్రత, తేమ ఒకేసారి కొలిస్తే రైతు చేతితో చేసే పని వెనకున్న శాస్త్రం కనపడుతుంది. గుంటమగ్గం దగ్గర నేలలోని తేమ పడుగు నూలును తెగకుండా కాపాడుతుందని నేతకారుడికి తెలుసు. తడిస్తే పత్తినూలు బలం పెరుగుతుంది. అదీ కొలవదగ్గదే. ఇలాంటి ప్రయోగాల్లో ఇంట్లో తాత, నాన్న గురువులవుతారు, బడి వాళ్లను అడుగుతుంది.

ఇన్ని అవకాశాలుండి కూడా ఎందుకు జరగడం లేదు? డబ్బు ప్రధాన అడ్డంకి అనుకోను. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి చదివే సుమారు 5 లక్షలమంది పిల్లలకు, వాళ్ల ఉపాధ్యాయులకు ట్యాబులు ఇచ్చారు. ట్యాబు తిప్పితే తెరమీద బొమ్మ తిరగడానికి కారణం లోపలున్న త్వరణం సెన్సరే. అంటే అన్ని లక్షల చేతుల్లో ప్రయోగశాల పెట్టినట్టే. కానీ వీడియో పాఠాలు తప్ప మరేదీ తెరవకుండా వాటికి తాళం వేశారు. పిల్లలు పక్కదారి పట్టకూడదన్న భయం న్యాయమైనదే. అయితే జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయం 2016లో ఉచితంగా ఇచ్చిన, లోపలి సెన్సర్ల కొలతలు చూపే ఫైఫాక్స్ లాంటి యాప్ ఒక్కటి లోపల పెట్టి ఉంటే, ఊయలకు కట్టిన ట్యాబు లోలకం నియమాన్ని చూపేది. 2023లో రాష్ట్ర విద్యాశాఖ బడిలో సెల్‌ఫోన్లమీద ఆంక్షలు పెట్టింది. దానికీ కారణాలున్నాయి. సైన్సు పీరియడ్‌కు, మాస్టారి ఫోన్ ఒక్కదానికి, ప్రయోగం కోసమని మినహాయింపు రాయడం మాత్రం కష్టమేమీ కాదు.

అసలు అడ్డంకి పరీక్ష. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతపరీక్షే. గ్రాఫు చదవమనీ, ఈ కొలతలో తప్పు ఎక్కడుందో చెప్పమనీ అడిగే ప్రశ్న ఏటా ఒక్కటి ఖాయంగా ఉంటే బడులు వాటంతటవే మారతాయి; మన ఊళ్లలో ప్రశ్నపత్రం కదిలించినట్టు మరే ఉత్తర్వూ కదిలించదు. రెండో అడ్డంకి మాస్టారి ఒంటరితనం. శిక్షణ ఒకటి రెండు రోజులు, తర్వాత తీగ ఊడితే అడిగే దిక్కుండదు. ల్యాబు గదికి తాళం పడేది అప్పుడే. పెద్ద పథకాల్లో సామాన్లకు లక్షలు కేటాయిస్తారు, కాలిపోయిన బోర్డును మార్చడానికి వంద రూపాయలు మాత్రం ఎవరూ మంజూరు చేయరు. భీమునిపట్నం డైట్‌లాంటి ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు నెలకోసారి జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఒక పూట సోల్డరింగుకూ మరమ్మతుకూ ఇస్తే, కొత్త సామాను కొనడం కంటే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

ఇంకో లోపం గురించి ఎవరూ మాట్లాడరు. ఈ ఏడాది పిల్లలు సేకరించిన డేటా మార్చిలో వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. ఏ పరికరంతో కొలిచారో, ఎప్పుడు సరిచూశారో, ఎక్కడ నిలబడి కొలిచారో రాయని అంకెలు వచ్చే ఏడాది పిల్లలకు పనికిరావు. బడికి ఒక కొలతల పుస్తకం ఉండాలి, హాజరుపట్టీలా ఏటా కొనసాగేది. పోటులో ఉప్పు తాండవలో ఎంత దూరం పైకి ఎక్కుతుందన్న ప్రశ్న అలాంటి పుస్తకానికి సరైన మొదటి పేజీ. వేసవిలో నది ఎండినప్పుడు ఒకలా, ఎగువ జలాశయం నుంచి నీరు వదిలినప్పుడు ఒకలా, తుపాను వానల్లో ఇంకోలా ఉంటుంది. దీనికి పేట ఒడ్డున ఒక బడి, తుని ఒడ్డున ఒక బడి, పెంటకోటలో ఒకటి చాలు. మూడు మీటర్లు, ఒక కొలజాడీ, పలుచన చేయడానికి బ్యాటరీ నీళ్లు, మూడుచోట్లా ఒకే రోజు ఒకే గంటకు కొలవడానికి మాస్టార్ల మధ్య ఒక ఒప్పందం కావాలి. అమావాస్య, పౌర్ణమి పెద్దపోట్లతో మొదలుపెడితే తేడా మొదటి నెలలోనే కనపడుతుంది.